ముక్కు అతికించినవాడి పేరు

ప్లాస్టిక్ సర్జన్లు ఏం చేస్తారు అని వైద్యవిద్యార్థులను అడిగి, వచ్చిన జవాబులను లెక్కగట్టిన అధ్యయనాలు ఇంగ్లండులో వచ్చాయి, అమెరికాలో వచ్చాయి, మన దేశంలోనూ వచ్చాయి. అంకెలు చోటుకో రకంగా ఉన్నా వాటి మొగ్గు మాత్రం ఒకటే. ముక్కు చక్కదిద్దడం, రొమ్ముల పరిమాణం మార్చడం, కొవ్వు తీయడం, ముడతలు పోగొట్టడం: వీటికి దాదాపు అందరూ చేతులెత్తుతారు. కాలిన గాయాలకు కూడా చాలామంది ఒప్పుకుంటారు. చేతికి దెబ్బ తగిలి నరమో స్నాయువో తెగితే ఎవరి దగ్గరికి పంపుతారు అంటే మాత్రం ఎక్కువమంది ఎముకల డాక్టరు పేరే చెబుతారు. మామూలు జనం ఇలా అనుకుంటే వింత లేదు. రేపో మాపో కాజువాలిటీలో కూర్చుని రోగుల్ని ఎవరి దగ్గరికి పంపాలో తేల్చాల్సిన పిల్లలు అనుకోవడమే ఇబ్బంది.

దీనికి మామూలుగా చెప్పే కారణం సినిమాలు, టీవీ, ఊరంతా కనిపించే హోర్డింగులు. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ మనిషిని. అయినా ఈ వృత్తి చరిత్ర కొన్నాళ్ళుగా చదువుతున్నాక, ఆ కారణం చాలదనిపిస్తోంది. హోర్డింగులు నిన్నమొన్నటివి. ఈ పనికి చేసినవాడి పేరు అంటకుండా పోవడం రెండువందల ఏళ్ళకు పైబడిన సంగతి.

ముందు ఆ మాట సంగతి తేల్చేద్దాం. ప్లాస్టిక్ సర్జరీలో ప్లాస్టిక్ ఉండదు. గ్రీకులో మట్టినో మైనాన్నో కావలసిన ఆకారానికి మలచడాన్ని చెప్పే మాట నుంచి వచ్చిందది. 1818లో బెర్లిన్‌లో కార్ల్ ఫెర్డినాండ్ ఫన్ గ్రేఫ తన పుస్తకానికి 'రైనోప్లాస్టిక్' అని పేరు పెట్టాడు. 1838లో త్సైస్ అనే ఇంకో జర్మన్ డాక్టరు 'ప్లాస్టిక్ సర్జరీ' అన్న జంటమాటను పుస్తకం అట్ట మీదికి తెచ్చాడు. బేక్‌లాండ్ బేకలైట్ కనిపెట్టింది 1907లో. అంటే బకెట్టు ప్లాస్టిక్ కన్నా ఆపరేషను ప్లాస్టిక్ వయసులో పెద్దది. తర్వాత పుట్టినది ఇంటింటా చేరి, ముందు పుట్టినదాని పేరు చెడగొట్టింది.

ఇక అసలు కథ. 1794 అక్టోబరులో లండన్‌లో వెలువడే జెంటిల్మన్స్ మ్యాగజైన్ ఒక ఉత్తరం అచ్చువేసింది. సంతకం చోట బి.ఎల్. అని రెండక్షరాలే. కవాస్జీ అనే మరాఠా మనిషి, ఇంగ్లీషు సైన్యానికి బండెద్దులు తోలేవాడు, 1792 యుద్ధంలో టిప్పు సుల్తాన్ మనుషులకు చిక్కాడు. (ఆ యుద్ధం ముగిశాకే మన కడప ప్రాంతం టిప్పు చేతిలోంచి నిజాం చేతికొచ్చింది.) ముక్కు, ఒక చెయ్యి కోసి వదిలేశారు. ఏడాదికి పైగా ముక్కు లేకుండానే గడిపాడు. తర్వాత పుణె దగ్గర ఒకాయన అతనికి కొత్త ముక్కు పెట్టాడు. అది పెడుతుండగా బొంబాయి ప్రెసిడెన్సీకి చెందిన ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు కళ్ళారా చూశారు.

పద్ధతి ఇదీ. పలచటి మైనపు రేకును తెగిన ముక్కు మీద ముక్కు ఆకారంలో అద్దాడు. దాన్ని తీసి చదును చేసి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంట చర్మం కోసి లేపాడు, రెండు కళ్ళ మధ్య సన్నటి పట్టీ మాత్రం తెగకుండా ఉంచాడు. లేపిన చర్మాన్ని ఆ పట్టీ దగ్గర మెలితిప్పి కిందికి దించి, ముక్కు ఉండాల్సిన చోట అమర్చాడు. కుట్లు లేవు. కిళ్ళీలో వేసే కాచును నీళ్ళతో మెత్తగా చేసి, గుడ్డ పేలికలకు పూసి అతుకుల మీద వేశాడు. నాలుగు రోజుల తర్వాత అవి తీసేసి నేతిలో తడిపిన గుడ్డ. పదో రోజున ముక్కు రంధ్రాలు పూడుకుపోకుండా మెత్తటి గుడ్డముక్కలు. ఇరవై అయిదో రోజు ప్రాంతంలో, కళ్ళ మధ్య పట్టీ కోసేశాడు.

ఆ పట్టీలోనే ఉంది తెలివంతా. ఎక్కడినుంచో పూర్తిగా కోసి తెచ్చిన చర్మం కొత్తచోట తనంతట తాను నెత్తురు వెతుక్కోవాలి. పలచగా ఉంటేనే బతుకుతుంది. దాన్ని గ్రాఫ్ట్ అంటారు. మందమైన ముక్క కావాలంటే తన రక్తనాళం తనతోనే రావాలి. అది ఫ్లాప్. తోటపని తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. మల్లె కొమ్మను చెట్టునుంచి తెంపకుండానే వంచి మట్టిలో కప్పి, వేళ్ళు పోసుకున్నాక తల్లి నుంచి వేరుచేస్తారు. కడియం నర్సరీల్లో నేల అంటు అనేది అదే. పుణె ఆయన కవాస్జీ నుదుటికి, ముక్కుకి మధ్య కట్టింది నేల అంటు.

మన దగ్గర ఈ కథ చెప్పినప్పుడల్లా సుశ్రుతుడిని తెచ్చి, ఈ నుదుటి ఆపరేషను ఆయనదే అనేస్తారు. సుశ్రుత సంహిత సూత్రస్థానం పదహారో అధ్యాయంలో తెగిన చెవులు, ముక్కు బాగుచేసే పద్ధతి ఉన్న మాట నిజం. ఆకుతో కొలత తీసుకోవడమూ ఉంది. అయితే అక్కడ చర్మం తీసుకునేది చెంప నుంచి. చెంప నుంచి నుదుటికి రావడానికి మధ్య ఎన్నో తరాల పనివాళ్ళ చేతులున్నాయి. వాళ్ళు సంస్కృతంలో పుస్తకాలు రాయలేదు. సుశ్రుతుడికి జేజేలు కొట్టే తొందరలో వాళ్ళని ఇంకోసారి చెరిపేస్తున్నాం. కవాస్జీ ముక్కు పెట్టిన మనిషి పేరు ఆ ఉత్తరంలో లేదు. ఇటుకలు చేసే కులంవాడు అని మాత్రమే ఉంది. రోగి పేరుంది, అతని బొమ్మ కూడా ఉంది. చేసినవాడి కులం మిగిలింది, పేరు పోయింది.

ముక్కే ఎందుకు అన్నది కూడా ఆలోచించాలి. ముక్కు లేకపోతే మనిషి చచ్చిపోడు. గాలి ఆడుతుంది, అన్నం తింటాడు, ఎద్దులు తోలుతాడు. పోయేది పరువు. శూర్పణఖ కథ విన్న ఏ తెలుగు పిల్లాడికైనా ముక్కు కోయడం అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. దొంగలకు, వ్యభిచారం నేరం మోపిన ఆడవాళ్ళకు, యుద్ధఖైదీలకు వేసిన శిక్ష అది. ఆ మనిషికి నలుగురిలో ముఖం చెల్లకుండా చేయడమే దాని పని. కాబట్టి పుణెలో జరిగింది ప్రాణం కాపాడే వైద్యం కాదు, ముఖం చెల్లేలా చేసే వైద్యం. ఈనాటి ప్లాస్టిక్ సర్జన్లు "మాది అందానికి సంబంధించిన పని కాదు, మేము చేసేది పునర్నిర్మాణం" అని గట్టిగా గీత గీస్తుంటారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది గాని, ఆ గీత మొదటి ఆపరేషను దగ్గరే చెరిగిపోయి ఉంది.

ఉత్తరం చదివినవాళ్ళలో లండన్ సర్జన్ జోసెఫ్ కార్ప్యూ ఒకడు. శవాల మీద చేసి చూసుకుని, సరైన రోగి కోసం ఇరవై ఏళ్ళు ఆగాడు. 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారికి నుదుటి చర్మంతో ముక్కు పెట్టి, రెండో రోగికి కూడా చేసి, 1816లో పుస్తకం వేశాడు. దాంతో యూరప్ అంతటా 'ఇండియన్ పద్ధతి' అన్న పేరు స్థిరపడింది. అంతకుముందు 1597లో ఇటలీలో తాల్యకోత్సి జబ్బ చర్మంతో ముక్కు కట్టే పద్ధతి రాశాడు గాని, చెయ్యి తలకు కట్టుకుని వారాల తరబడి ఉండాల్సిన ఆ బాధ ఎక్కువమంది పడలేదు. మన దేశంలో పని మాత్రం ఆగలేదు. జునాగఢ్‌లో ప్రధాన వైద్యాధికారి త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా నాలుగేళ్ళలో వందకు పైగా ముక్కులు కట్టి 1889లో పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో అక్కడ మక్రానీ బందిపోటు ఒకడు ముక్కులు కోసేవాడు. వాడు కోస్తాడు, త్రిభువన్ అతికిస్తాడు అని జనంలో నానుడే ఉండేది. ఈ పుస్తకం గురించి మన వైద్యవిద్యార్థుల్లో ఎందరు విన్నారో!

పనివాళ్ళ విద్యగా ఉన్నది ఒక వృత్తిగా మారడానికి మొదటి ప్రపంచయుద్ధం కావాల్సి వచ్చింది. కందకాల్లో ఒళ్ళంతా మట్టి చాటున ఉంటుంది, తల ఒక్కటే పైకి లేస్తుంది. హెరాల్డ్ గిలీస్ న్యూజీలాండ్‌లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డ చెవి, ముక్కు, గొంతు డాక్టరు. 1916లో ఆల్డర్‌షాట్‌లో ముఖం దెబ్బతిన్నవాళ్ళకోసం ఒక వార్డు తెరిపించాడు. సోమ్ యుద్ధం మొదలయ్యాక రెండువందల మంది వస్తారనుకుంటే రెండువేల మంది వచ్చారు. 1917లో సిడ్‌కప్‌లో ఇందుకోసమే విడిగా ఆసుపత్రి కట్టారు. అక్కడ అయిదువేల మందికి పైగా సైనికులకు పదకొండువేలకు మించి ఆపరేషన్లు జరిగాయి. దవడలు లేనివాళ్ళు, ముక్కు ఉండాల్సిన చోట గొయ్యి ఉన్నవాళ్ళు. వార్డుల్లో అద్దాలు ఉంచేవాళ్ళు కాదు.

ఒకే మనిషికి పది, పదిహేను ఆపరేషన్లు. ఆంటీబయాటిక్స్ లేవు. లేపిన ఫ్లాప్ అడుగుభాగం పచ్చిగా ఉండి చీము పట్టేది. 1917 అక్టోబరులో, జట్లాండ్ సముద్రయుద్ధంలో ముఖం కాలిపోయిన ఒక నావికుడికి ఆపరేషను చేస్తూ గిలీస్ ఒకటి గమనించాడు. కోసిన చర్మపు పట్టీ అంచులు వాటంతటవే లోపలికి ముడుచుకుంటున్నాయి. ఆ రెండు అంచుల్నీ కలిపి కుట్టేస్తే పట్టీ గొట్టమైపోయింది. పచ్చి భాగం లోపల భద్రం, నెత్తురు పారుతూనే ఉంటుంది. చీము పట్టడం బాగా తగ్గింది. ఛాతీ మీదినుంచో పొట్ట మీదినుంచో ఇలాంటి గొట్టాన్ని ఒక కొస విడిపించి ఇంకోచోట నాటి, అక్కడ పట్టాక రెండో కొస విడిపించి, అంచెలంచెలుగా ముఖం దాకా నడిపించవచ్చు. పుణె వంతెన ఇక్కడ నడకలు నేర్చింది. ఫోటోల్లో రంగు, లోతు సరిగా పడవని హెన్రీ టాంక్స్ పాస్టెల్స్‌తో ఈ ముఖాలు గీశాడు. ఆయన మొదట సర్జన్, తర్వాత చిత్రకారుడు. ఆ బొమ్మల్లో జాలి కనబడదు, ముఖం కనబడుతుంది. నెట్లో దొరుకుతాయి, ధైర్యం చేసి చూడండి.

ఇప్పుడు వైద్యవిద్యార్థులకు బాగా తెలిసిన ఒక వస్తువు దగ్గరికి వద్దాం. మత్తు డాక్టరు ట్రేలో మ్యాగిల్ ఫోర్సెప్స్ అని వంపు తిరిగిన పటకారు ఒకటి ఉంటుంది. ఆ మ్యాగిల్ సిడ్‌కప్‌లో గిలీస్ రోగులకు మత్తిచ్చినవాడు. ముఖం మీద మాస్కు పెట్టి ఈథర్ ఇస్తే, ముఖం మీదే పనిచేయాల్సిన సర్జన్‌కి చోటేదీ? అందుకని మ్యాగిల్, రోబోథామ్ అనే ఇద్దరు శ్వాసనాళంలోకి గొట్టం దించి దానిగుండా మత్తిచ్చే పద్ధతిని అక్కడే సాన పట్టారు. ఇవాళ ఏ పెద్ద ఆపరేషనైనా అలాగే. ఆ పటకారు పట్టుకున్న విద్యార్థికి అది అనస్తీషియాకు చెందిన సంగతి. ముఖం పోయిన సైనికుల వార్డులోంచి వచ్చిందని ఎవరూ చెప్పరు.

యుద్ధం అయిపోయింది. ముఖాలు కట్టే పనికి జీతమిచ్చే సైన్యం ఇంటిదారి పట్టింది. ముఖం నచ్చక డబ్బు పెట్టగలిగినవాళ్ళు మాత్రం ఉన్నారు. గిలీస్ ఆ పనీ చేశాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలైన 1939 నాటికి బ్రిటన్‌లో పూర్తికాలం ప్లాస్టిక్ సర్జన్లు నలుగురే: గిలీస్, కిల్నర్, మెకిండో, మౌలెం. కాలిపోయిన విమాన సిబ్బంది కోసం మళ్ళీ పరుగు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో మెకిండో రోగులు 1941లో గినీపిగ్ క్లబ్బు పెట్టుకున్నారు. యుద్ధం ముగిసేసరికి సభ్యులు 649. యుద్ధం వస్తే పునర్నిర్మాణం, శాంతి వస్తే సౌందర్యం అన్నట్టు ఈ వృత్తి ఊగుతూ వచ్చింది. శాంతికాలంలో పెరిగిన జనం శాంతికాలపు సగాన్నే చూడటంలో ఆశ్చర్యం ఏముంది?

నన్ను బాగా ఆపేసిన అధ్యాయం దీని తర్వాతిది. ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ మెడావర్ అనే జంతుశాస్త్రవేత్త కాలిన వైమానికుల కోసం, ఒకరి చర్మం ఇంకొకరికి ఎందుకు పట్టదన్న ప్రశ్న చేపట్టాడు. గ్లాస్గోలో టామస్ గిబ్సన్ అనే ప్లాస్టిక్ సర్జన్‌తో కలిసి ఒక కాలిన రోగికి ఆమె అన్నదమ్ముడి చర్మం రెండుసార్లు అతికి చూశారు. రెండోసారి ఇంకా తొందరగా ఊడింది. అంటే ఒంటికి జ్ఞాపకం ఉంది. మొదటిసారి చూసిన పరాయివాణ్ణి రెండోసారి గుర్తుపడుతోంది. 1943లో వచ్చిన ఆ వ్యాసం అవయవమార్పిడి శాస్త్రానికి పునాదిరాళ్ళలో ఒకటి. మెడావర్‌కు 1960లో నోబెల్ వచ్చింది.

అదే సమయంలో అమెరికాలో వాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో జోసెఫ్ మర్రే అనే కుర్ర డాక్టరు పనిచేస్తున్నాడు. మన దేశపు తూర్పు కొస నుంచి హిమాలయాల మీదుగా చైనాకు ఇంధనం మోసే విమానాల పైలట్ ఒకడు, చార్ల్స్ వుడ్స్, ఒళ్ళు డెబ్భై శాతం కాలి అక్కడికి వచ్చాడు. సొంత చర్మం చాలక చనిపోయినవాళ్ళ చర్మం కప్పారు. పది రోజుల్లో ఊడాల్సినది అంతకన్నా చాలా ఎక్కువకాలం నిలిచింది. అంత నీరసించిన ఒంటికి పరాయి చర్మాన్ని తోసేసే శక్తి కూడా లేదన్నమాట. అక్కడ పైఅధికారి బ్యారెట్ బ్రౌన్ 1937లోనే ఏకరూప కవలల మధ్య చర్మం శాశ్వతంగా నిలుస్తుందని చూపించి ఉన్నాడు. మర్రే ఈ రెండూ కలిపాడు. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో హెరిక్ కవలల్లో ఒకరి కిడ్నీని ఇంకొకరికి పెట్టారు. కవలలు నిజంగా ఏకరూపమేనా అని తేల్చుకోవడానికి ముందు చేసిన పరీక్షల్లో ఒకటి, ఒకరి చర్మం ఇంకొకరికి అతికి చూడటం. అది ప్రపంచంలో విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి. 1990లో మర్రేకి నోబెల్. ఆయన ప్లాస్టిక్ సర్జన్.

కిడ్నీ మార్పిడి ఎవరి పని అని ఇవాళ విద్యార్థిని అడిగితే ప్లాస్టిక్ సర్జన్ అనడు. అనకూడదు కూడా, ఎందుకంటే ఇప్పుడు వాళ్ళ పని కాదు. జరిగేది ఇదే. వైద్యంలో మిగతా శాఖలన్నీ ఒక అవయవాన్నో, ఒక వయసునో పట్టుకున్నవి: గుండె, మెదడు, ఎముక, పసిపిల్లలు. ఈ శాఖకు సొంత అవయవం లేదు. తల నుంచి కాలి దాకా ఎక్కడ లోటుంటే అక్కడ పూడ్చడమే పని. అక్కడ కుదిరిన పద్ధతిని ఆ అవయవం సొంతదారు తీసుకుపోతాడు. మా సాఫ్ట్‌వేర్‌లో అందరూ వాడుకునే లైబ్రరీ రాసిన టీముకి ఇలాగే అవుతుంది. ఏ ప్రాడక్టు మీదా వాళ్ళ పేరుండదు. ఎవరూ తీసుకుపోని ఒక్క పని సొంతపేరుతో మిగిలింది, అందం. బోర్డు మీద అదే ఉంది, పిల్లలు దాన్నే చదువుతున్నారు.

మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 1957లో ఏర్పడింది. మొదటి విడి విభాగం సి. బాలకృష్ణన్ ఆధ్వర్యంలో నాగపూర్ మెడికల్ కాలేజీలో 1958లో మొదలైంది. గిలీస్ దగ్గర పనిచేసి వచ్చిన నోషిర్ ఆంటియా కుష్ఠురోగులను ఎంచుకున్నాడు. జబ్బు నయమైనా చప్పిడైపోయిన ముక్కు, వంకరపోయిన వేళ్ళు చూసి ఊరు వాళ్ళని లోపలికి రానివ్వదు. మందుతో క్రిమి చస్తుంది, ముక్కు లేవదు. మళ్ళీ కవాస్జీ సంగతే, ముఖం చెల్లడం. ఆ తర్వాత కిరోసిన్ స్టవ్వుల కాలం. కాలిన ఆడవాళ్ళతో నిండిన వార్డుల్లో, మెడ గుండెకు అతుక్కుపోయినవాళ్ళ తల పైకెత్తడం వీళ్ళ పనే. గ్రహణం మొర్రి సంగతి సరే సరి. గర్భిణి గ్రహణం చూడటం వల్లనేనని తల్లిని తిట్టడం ఇప్పటికీ పోలేదు. ఆ పెదవి కుట్టేది ఎక్కువగా వీళ్ళే. 2009లో ఆస్కార్ అందుకున్న 'స్మైల్ పింకీ' డాక్యుమెంటరీలో కనిపించేది వారాణసిలోని ఒక ప్లాస్టిక్ సర్జన్ ఆసుపత్రి. 2011 నుంచి జులై 15న జాతీయ ప్లాస్టిక్ సర్జరీ దినం కూడా జరుపుతున్నారు. ఆ రోజున ఉచిత శిబిరాలు, ఉపన్యాసాలు. మర్నాటి నుంచి మళ్ళీ జుట్టు నాటే ప్రకటనలు. తప్పంతా విద్యార్థులదే అనడానికి నాకు నోరు రావడం లేదు.

మన ఎం.బి.బి.ఎస్.లో ఇది విడిగా పరీక్ష ఉన్న సబ్జెక్టు కాదు, జనరల్ సర్జరీలో ఒక భాగం. బెయిలీ అండ్ లవ్‌లో కాలిన గాయాలు, మొర్రి, ఫ్లాప్‌లు అన్నిటికీ అధ్యాయాలున్నాయి గాని, చదివేవాడికి అవి ఒకే వృత్తి చేసే పనులని తట్టదు. మా పెద్దమ్మ మనవరాలు, అన్నయ్య కూతురు, ఇప్పుడు హౌస్‌సర్జన్. ఈ విషయం కదిపితే, "ఎవరి వార్డులో పనిచేసినా కేసు చివర్లో ప్లాస్టిక్ వాళ్ళకి కాల్ పెట్టండి అంటారు బాబాయ్. వాళ్ళొచ్చి చూసి వెళ్తారు. వాళ్ళ వార్డులో అడుగు పెట్టింది మాత్రం రెండుసార్లే" అంది. ఈ అమ్మాయే వచ్చే ఏడాది ఏ మండలంలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒంటరిగా కూర్చుంటుంది.

అక్కడికి గడ్డి కోసే యంత్రంలో పడి వేలు తెగినవాడు వస్తాడు, వేలు రుమాల్లో చుట్టుకుని. 1965లో జపాన్‌లోని నారాలో కొమాత్సు, తమాయి అనే డాక్టర్లు పూర్తిగా తెగిన బొటనవేలిని మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కుట్టి బతికించినప్పటి నుంచి, ఆ రుమాల్లోది చెత్తబుట్టలో పారేయాల్సింది కాదు. ఎముకల డాక్టరు కోసం ఊరూరా తిరిగే టైము కూడా లేదు. వేలిలో కండ ఉండదు గనక మామూలు వేడిలో ఉజ్జాయింపుగా పన్నెండు గంటలు ఓర్చుకుంటుంది. చల్లగా ఉంచితే ఇంకా ఎక్కువ. మణికట్టు పైన తెగితే ఆ గడువు ఆరు గంటలే. మంచుగడ్డ మీద నేరుగా పెడితే కణాలు చచ్చిపోతాయి. సెలైన్‌లో తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి, నీళ్ళు చొరబడని సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని మంచు కలిపిన నీళ్ళలో ఉంచాలి. ఈ వృత్తి మొత్తంలో నిజంగా ప్లాస్టిక్ కావాల్సిన చోటు ఇదొక్కటేనేమో. సంచి మీద వేలు తెగిన టైము రాసి, మైక్రోస్కోపు ఉన్న ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి ముందే ఫోన్ చేసి, రోగినీ సంచినీ ఒకే బండిలో పంపాలి.